సాయిలు శనివారాలు

బండి తాళం తిప్పే ముందు సాయిలు ప్రతి సీటునూ ఒకసారి చేత్తో ముట్టేవాడు.

హైటెక్ సిటీలోని మా ఆఫీసు బండికి మణికొండలో మా అపార్టుమెంటు గేటే మొదటి స్టాపు. నేను కిందికి వచ్చేసరికి ఆయన అద్దాలు తుడిచి, ముందున్న వెంకటేశ్వరస్వామి పటానికి ఒక బంతిపువ్వు పెట్టి, వెనక వరస నుంచి ముందుకు వస్తూ ఒక్కో సీటు తలమీద అరచెయ్యి ఆనించి ఏదో అనుకునేవాడు. ఆ రోజు సెలవు పెట్టినవాళ్ల సీటునైనా వదిలేవాడు కాదు. ఎందుకలా అని ఒకసారి అడిగితే సిగ్గుపడ్డాడు.

"ఏం లేదమ్మా. ఇండ్ల కూసునేటోళ్లంత ఎవరో ఒకరి పిల్లలే గదా. ఇంటికాడ దండం పెట్టుకునే పంపుతరు. మళ్ల నేనొకసారి పెట్టుకుంటే పోయేదేముంది."

ఆ రోజు నుంచి నేను వెళ్లి కూర్చునే సీటు నాకు ఇంకాస్త మెత్తగా అనిపించేది.

సాయిలుది మెదక్ వైపు చిన్న ఊరు. వయసులో ఉన్నప్పుడు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి రసాయనాల డ్రమ్ములు మోసే లారీ నడిపాడు. ఎంత స్నానం చేసినా ఆ వాసన ఒంటిని వదలడం లేదని, చంటిపిల్లను ఎత్తుకుంటే తుమ్ముతోందని ఆ పని మానేసి ఆఫీసు బండికి వచ్చాడు. బోరబండలో కిరాయి ఇల్లు. భార్య భాగ్యమ్మ ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఒక్కతే కూతురు, ప్రశాంతి.

ఆయన మంచితనం పైకి కనపడేది కాదు. మా బండిలో రసజ్ఞ అని ఒక పిల్ల ఎక్కేది. తడి జుట్టుతో, చేతిలో దువ్వెనతో రోజూ ఆలస్యంగా పరిగెత్తుకొచ్చేది. వెనక కూర్చున్నవాళ్లు గడియారం చూసుకుని విసుక్కోబోయే సమయానికి సాయిలు "టైరు జర చూడాలె" అని దిగిపోయేవాడు. ఆ పిల్ల సందు మలుపులో కనిపించేదాకా బాగున్న టైరునే తన్ని తన్ని చూసేవాడు. ఆమె ఎక్కగానే టైరు బాగయ్యేది.

శనివారం ఆయనకు ఒక్కపొద్దు. ప్రశాంతికి చిన్నప్పుడు జ్వరం మెదడుకు ఎక్కి, దవాఖానాలో రోజుల తరబడి కళ్లు తెరవలేదట. వార్డు బయట నిలబడి, పిల్ల లేచి నాయినా అని పిలిస్తే బతికినంత కాలం నీ శనివారం తప్పనని స్వామికి మొక్కుకున్నాడు. పిల్ల లేచింది, పిలిచింది. అప్పటి నుంచి శనివారం పొద్దున తులసి తీర్థం తప్ప ఏమీ ముట్టడు. సాయంత్రం దీపం పెట్టాకే అన్నం. ఆ ప్రశాంతి ఇప్పుడు తొలిచూలు. ఎనిమిదో నెల నిండుతుండగా పుట్టింటికి వచ్చింది.

ఆ వానాకాలం మా దారిలో బండ్లు కదలడమే గగనంగా ఉండేది. రాయదుర్గం దాటాక ఒక్కో అడుగూ బతిమాలి తీసుకున్నట్టు ముందుకు పోయేవాళ్లం. సాయిలు ఎడమకాలు పొద్దస్తమానం క్లచ్చు మీదే. ఒకరోజు ఆయన ఎడమ చెప్పు పట్టీ పెట్టుకోకుండా వేలాడుతుండటం చూశాను.

"కాలికి ఏమైందండీ?"

"క్లచ్చు తొక్కి తొక్కి పట్టేసిందమ్మా. మా ఆమె నువ్వుల నూనె రాస్తుంది. తగ్గుతది."

తగ్గలేదు. పిక్క వాచి ప్యాంటు బిగుసుకుపోయింది. రసజ్ఞ దిగుతూ దిగుతూ వంగి చూసింది. "అంకుల్, మీకు రెండు కాళ్లూ ఒకలా లేవు."

"రెండు ఒక్కతీరుగుంటే ఫొటోకు మంచిగుంటది బిడ్డా. బండికి గంతగనం అక్కర్లే."

అందరూ నవ్వారు. రసజ్ఞ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి భాగ్యమ్మకు ఫోన్ చేసి, నూనె రాయడం ఆపమని, రేపే డాక్టరుకు చూపించమని పోరుపెట్టింది. కొండాపూర్‌లో ఒక ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. పిక్క లోపలి నరంలో నెత్తురు గడ్డకట్టింది. అది అక్కడే ఉంటే కాలి నొప్పి. విడివడి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. నెత్తురు గడ్డ పెరగకుండా ఆపే మాత్రలు రాశారు. మొదటి మూడు వారాలు పొద్దునొకటి, రాత్రొకటి. ఆ తర్వాత కొన్ని నెలలు రోజుకు ఒక్కటే.

రెండు రోజులు విశ్రాంతి తీసుకుని బండి ఎక్కిన సాయిలు మునుపటి సాయిలు కాదు. ఒకచోట నిలిచేవాడు కాదు. సిగ్నల్ పడితే పాదం గిరగిరా తిప్పేవాడు. స్టాపు వస్తే దిగి బండి చుట్టూ తిరిగేవాడు. పొద్దున పళ్లు తోముకుంటే కాస్త ఎరుపు కనిపించిందని నాకు చెప్పి, ఆ మాటే రసజ్ఞకు చెప్పి, మళ్లీ అద్దంలో చిగుళ్లు చూసుకునేవాడు. గీసుకుంటే నెత్తురు ఆగదేమోనని గడ్డం పెంచాడు. లోపల గడ్డకడితే ఒక భయం, బయట కారితే ఒక భయం. ఆ రెంటి మధ్య మనిషి కుదురు లేకుండా అయిపోయాడు.

రసజ్ఞ ఆలస్యంగా రావడం మానేసింది. ముందే వచ్చి, "అంకుల్, వాకింగ్ టైమ్" అని ఆయనతో కలిసి బండి చుట్టూ తిరిగేది. టైరు చూసే పని ఇక లేకపోయింది.

ఆఫీసు పార్కింగ్‌లో పక్క బండి నడిపే మహేందర్ ఇంకో పుల్ల వేశాడు. వాళ్లమ్మకు గుండె కవాటం మార్చారు. ఆమె వేసుకునే మాత్రకు నెలనెలా రక్తపరీక్ష, ఆకుకూరలకు లెక్క. "అన్నా, నువ్వు గోంగూర ముట్టకు. ముడితే గోలి పనిజెయ్యది" అన్నాడు. సాయిలు గోంగూర లేకుండా ముద్ద దిగని మనిషి. రెండు రోజులు పప్పుచారుతో లాక్కొచ్చాడు. చివరికి ఉండబట్టలేక బండి పక్కన నిలబడి డాక్టరుకు ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"గోంగూర తినొచ్చటమ్మా. ఆకుకూర ముచ్చట పాత గోలికంట. దీనికి నెలనెలా సూదులు గూడ లేవట."

"ఇంకేమన్నారు?"

"ఇంకేమంటది. తినుమన్నది."

డాక్టరు నిజంగా అన్నది వేరు. ఆ సంగతి తర్వాతి బుధవారం తెలిసింది.

బుధవారం పొద్దున గచ్చిబౌలి దాటాక సాయిలు బండిని మెల్లగా ఎడమపక్కకు తీసి ఆపాడు. ఇంజను కట్టేసి స్టీరింగ్ మీద తల పెట్టాడు. కాలు మొద్దులా ఉందని, ఆయాసంగా ఉందని అన్నాడు. నేను ముందు సీట్లోంచి దిగి వెళ్లేసరికి చొక్కా అంతా చెమట. అంతలోనూ వెనక్కి తిరిగి, "జర ఎవరన్న ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పుండ్రి, మీకు లేటయితది" అన్నాడు. రసజ్ఞ ఆ ఫోను చేసింది. నేను ఆయన్ను వేరే కారులో కొండాపూర్ ఆసుపత్రికే తీసుకెళ్లాను. దారిలో నాకు వచ్చిన నామాలన్నీ చదువుకున్నాను. ఆయన మాత్రం బండి తాళం చెవి జేబులో ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాడు.

భాగ్యమ్మ బోరబండ నుంచి ఆటోలో వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. మళ్లీ స్కానింగులు తీశారు. ఆయాసం భయం వల్ల వచ్చిందట. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కానీ కాలిలో గడ్డ కాస్త పైకి పాకింది.

డాక్టర్ జయంతి చిన్న వయసు అమ్మాయి. కుర్చీ లాక్కుని ఆయన మంచం పక్కనే కూర్చుంది.

"మాత్రలు ఎప్పుడైనా మానేశారా?"

"లేదమ్మా. ఒక్కటి గూడ ఇడువలే."

"అన్నం తిన్నాకే వేసుకుంటున్నారా? ఫోన్లో మరీ మరీ చెప్పాను కదా."

సాయిలు కిటికీ వైపు చూశాడు. జవాబు భాగ్యమ్మ చెప్పింది.

"శనివారం తప్పితే అన్నీ తిన్నంకనే మేడం. శనివారం ఈయనకు ఒక్కపొద్దు. తీర్థంతోని ఏసుకున్నడు. గోలి తిండి కాదు గదా, ఉపాసం చెడదు, డాక్టరమ్మ మాట గూడ తప్పినట్టు కాదని నాకే చెప్పిండు. పెద్ద తెలివి చేసిన అనుకున్నడు."

"నువ్వు ఊకోయే" అన్నాడు సాయిలు నెమ్మదిగా.

డాక్టరు కోప్పడలేదు. "ఈ మాత్రకి అన్నం తోడు కావాలండీ. ఖాళీ కడుపుతో వేసుకుంటే మొత్తం ఒంటికి పట్టదు. పైగా ఇది ఒక పూట కాపలా కాసి దిగిపోతుంది. రెండో పూటకి ఇంకొకటి రావాలి. ఒక పూట కాపలా పల్చబడితే గడ్డ పెరగొచ్చు. ఉన్న గడ్డని మెల్లమెల్లగా కరిగించుకునేది మీ ఒళ్లే. దానికి వ్యవధి ఇవ్వడమే ఈ మాత్ర పని."

"అయితే ఆ ఒక్క పూటకే పెరిగిందా అమ్మా?"

"ఆ పూట వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఈసారికి కాల్లోనే ఉంది. ప్రతిసారీ అలా ఉండదు."

డాక్టరు మాత్రల చీటీ తీసుకుని చూసింది. "ఈ మూడు వారాలు పూర్తయితే రోజుకి ఒక్కటే కదా. అది సాయంత్రం భోజనంతో వేసుకోవచ్చు. అప్పుడు మీ శనివారం మీ ఇష్టం. ఈ మధ్యలో వచ్చే రెండు శనివారాలు మాత్రం పొద్దున కూడా కడుపునిండా తినాలి. మూడు వారాలయ్యేదాకా బండి కూడా వద్దు. నడవండి, ఒకేచోట కూర్చోకండి."

ఆమె వెళ్లిపోయాక సాయిలు మొట్టమొదట అన్న మాట, "రేపు బండి ఎవరు తీస్తరు?"

మహేందర్ తీశాడు. గురువారం పొద్దున మా గేటు ముందు బండి ఆగేసరికి అతని ఫోను స్పీకర్లో ఉంది. సాయిలు గొంతు.

"సీట్లు ముట్టినవా రా?"

"ముట్టిన అన్నా."

"వెనక సీటు?"

"అన్నీ ముట్టిన. నీ పేరు చెప్పి మరీ ముట్టిన. ఇంక టైర్లు గూడ మొక్కుమంటవా?"

"మొక్కితే మంచిదే. భ్రమరాంబమ్మ ఎక్కిందా?"

"ఎక్కానండీ" అన్నాను నేను.

"మంచిగ పోయిరాండ్రి" అన్నాడు. మహేందర్ అద్దంలో నన్ను చూసి, "నిన్నటి నుంచి ఇదే నసమ్మా" అని నవ్వాడు. కానీ చివరి స్టాపులో అందరూ ఎక్కాక, ఎవరూ చెప్పకుండానే అతను ఒకసారి వెనక్కి తిరిగి సీట్లన్నీ చూసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం భాగ్యమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, రేపు శనివారం. తింట అంటలేడు, తినను అంటలేడు. నిన్నటి నుంచి గదిల గీడికెల్లి గాడికి తిరుగుతనే ఉన్నడు. మీరు పూజలు చేసేటోళ్లు. మీరు చెప్తే ఇంటడు. జర రాండ్రి."

ఆఫీసు నుంచి నేరుగా బోరబండ వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అల్లుకుంటూనే ఉన్నాను. నేనూ ఏకాదశికి ఉపవాసం ఉండేదాన్నే. మొక్కు అంటే ఏమిటో తెలిసినదాన్ని. తినండి, ఏం కాదు అనడం నోటితో తేలికే. ఆ మాట అన్న నోటితోనే మళ్లీ స్వామికి నా మొక్కు చెప్పుకోవాలి.

ఇంట్లో భాగ్యమ్మ మిషను ఆపి టీ పెట్టింది. ప్రశాంతి గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. సాయిలు తలుపు దగ్గర నుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గర నుంచి తలుపు దాకా నడుస్తున్నాడు.

"కూసోరాదు నాయినా, నాకు కండ్లు తిరుగుతున్నయ్" అంది ప్రశాంతి.

"డాక్టరమ్మ నడువుమన్నది."

"ఇంట్లనే హైటెక్ సిటీ దాకా నడువుమన్నదా?"

భాగ్యమ్మ నా చేతికి టీ ఇస్తూ, "గుళ్లె పంతులు యజ్ఞనారాయణ గారిని గూడ అడిగిచ్చిన. రోగమున్నోళ్లకు ఉపాసం మాఫ్ అని చెప్పిండు. అయినా ఈయనకు నిమ్మళం లేదు" అంది.

"చెప్పిండు, మంచిదే" అన్నాడు సాయిలు. "కానీ నేను మొక్కింది పంతులుకు కాదు గదా. ఆ దినం వార్డు బయట మాఫ్ ముచ్చట లేకుండె. పిల్ల లేస్తే తప్పను అన్న. లేచింది. గా మాట మీద గీ పిల్ల నడిచింది, పెండ్లయింది. ఇప్పుడు ఇట్ల నిండు గర్భంతోని కూసున్నప్పుడు నేను మాట తప్పాల్నా?"

ప్రశాంతి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ఇప్పటిదాకా ఉన్న వేళాకోళం ఆ గొంతులో లేదు.

"నా కోసమని నువ్వు దవాఖానాల పడితే, నేను ఏడ పడాలె నాయినా? నిన్ను జూసుడా, నన్ను జూసుకునుడా?"

ఆయన నడక ఆగింది. చెప్పులు వేసుకున్నాడు. ఎడమ చెప్పు పట్టీ ఇంకా వదులుగానే ఉంది. "అమ్మను ఆటో దాక పంపొస్త" అన్నాడు. నేను టీ సగంలోనే ఉన్నాను. భాగ్యమ్మ నా వైపు చూసిన చూపులో, ఏం చెప్పకుండానే పోతున్నారా అన్న ప్రశ్న ఉంది. గ్లాసు కింద పెట్టి లేచాను.

సందుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆయన ముందు నడుస్తూ, గుంత వచ్చినప్పుడల్లా ఆగి, ఇటు రమ్మని చెయ్యి చూపించేవాడు. రైలు స్టేషన్ వైపు మలుపులో ఒక ముసలావిడ కూరగాయల తట్ట దించుకోలేక నిలబడి ఉంటే, ఆగి ఒక చెయ్యి వేశాడు. దెబ్బ తగలకుండా చూసుకోమని డాక్టరు చెప్పిన మనిషికి తట్ట అంచు గీరుకుంటుందేమోనని నేను ఆయన చేతుల వైపే చూశాను. ఆయన అరచేతులు తిప్పి చూసుకుని, ఏం కాలేదన్నట్టు తలాడించాడు.

ఆటోల దగ్గరికి వచ్చాం. ఏదో ఒకటి చెప్పాలని నేను నోరు తెరవబోయాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. మీకు పొద్దుగాల ఏసుకునే గోలీలు ఏమన్న ఉన్నయా?"

"లేవండీ. ఎందుకు?"

"బీపీకి, షుగరుకు?"

"ఏమీ లేవు. ఆ స్వామి దయ."

ఆయన ముఖంలో ఇంతసేపూ లేని ఒక నెమ్మది వచ్చింది. కాలు తిప్పడం కూడా ఆపాడు.

"మహేందర్‌గాడు నా పేరు చెప్పి సీట్లు ముడుతుండు గదా. వాడు ముట్టినా అందరు మంచిగనే పోయొస్తుండ్రు. రాత్రి పండుకుని గదే ఆలోచన చేసిన. మా ఆమెకు షుగరు. పిల్లను అడగొద్దు. మహేందర్‌కు పొద్దుగాల మిర్చిబజ్జి పడకుంటే వాని బండే స్టార్ట్ కాదు."

ఆటో అతను ఎక్కడికి అని అడిగాడు. సాయిలు ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"గీ రెండు శనివారాలు నా ఒక్కపొద్దు మీరుంటరా అమ్మా? తీర్థం తీసుకునేటప్పుడు సాయిలు బదులని ఒక్క మాట చెప్పుండ్రి, చాలు. నేను పొద్దుగాల లేచి కడుపునిండ తింట, గోలి ఏసుకుంట. మీరు మాత్రం దీపం పెట్టంగనే తినాలె, ఆలస్యం చెయ్యొద్దు."